ఎంతమందని అడిగితే

యోగేశ్వరి పని ముగించుకుని వెళ్ళగానే గరిటెలు లెక్కపెట్టుకోవడం నాకు అలవాటు. ఏదీ పోదు, అదీ నాకు తెలుసు. అమెరికాలో స్టీలు గరిటె ఎత్తుకుపోయి ఎవరేం చేసుకుంటారు? అయినా చేయి ఊరుకోదు. నేను నగరికి కాపురానికొచ్చిన మొదటి వారమే మా అత్త నూనె సీసా మీద బొగ్గుతో గీత గీసి పెట్టింది, నేను పుట్టింటికి నూనె మోసుకుపోతానేమోనని. ఆ గీతను చూసి ఎన్ని రోజులు ఏడ్చానో. అదే గీత నేను ఇంకొకదాని మీద గీస్తున్నానని మాత్రం చాన్నాళ్ళు తోచలేదు.

ఇది షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా కూతురు శాంతి ఇల్లు. శాంతి పగలంతా పై గదిలో ల్యాప్‌టాప్ ముందు ఆఫీసు పని చేసుకుంటుంది. నేను మే నెలలో వచ్చాను, ఆర్నెల్లకని. రెండేళ్ళ అనీష్‌ని చూసుకునేది నేను. తొమ్మిదేళ్ళ ఇషా బడినుంచి వచ్చేసరికి దోసె పోసేది నేను. మూడు పూటలా వంట నాది. ఇల్లు తుడిచి బాత్రూములు కడగడానికి మంగళ, శుక్రవారాలు యోగేశ్వరి వస్తుంది. అనీష్ పుట్టినప్పటినుంచీ వస్తోందట. శ్రీలంకలో జాఫ్నా వైపు తమిళ మనిషి, నలభై ఉంటాయి. అక్కడి గొడవల్లోంచి ప్రాణం దక్కించుకుని వస్తే ఇక్కడి ప్రభుత్వం ఆశ్రయం ఇచ్చింది. ఇక ఇక్కడే ఉండిపోవడానికి గ్రీన్ కార్డు ఒకటి రావాలి. నగరి వాళ్ళకు తమిళం ఎటూ వస్తుంది కాబట్టి ఈ ఊళ్ళో నాతో పగటిపూట నోరు విప్పి మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అందుకేనేమో ఆమె మాటల్ని అంత పట్టి పట్టి విన్నాను.

వంటింట్లో గోడ మీద కోడిగుడ్డంత తెల్ల కెమెరా ఉంది. మా అల్లుడు భానుప్రకాష్ పెట్టించాడు. "పనామె వచ్చే ఇల్లు కదా అత్తయ్యా, జస్ట్ సేఫ్టీ కోసం" అన్నాడు. నాకు నాలుగో తరగతితో చదువు మాన్పించారు గానీ కూడికలు తీసివేతలు మరిచిపోలేదు. వారానికి ఏడు రోజులు. యోగేశ్వరి వచ్చేది రెండు రోజులు. తక్కిన అయిదు రోజులూ ఆ కన్ను ఎవరిని చూస్తున్నట్టు? షికాగో ఆఫీసులో కూర్చునే అందులోంచి మాట్లాడతాడు. "అత్తయ్యా, వాడికి ఐప్యాడ్ ఇవ్వద్దు ప్లీజ్" అని గోడలోంచి గొంతు వస్తే మొదటిసారి చేతిలో అట్లకాడ జారిపడింది.

అల్లుడు చెడ్డవాడని కాదు. పొద్దున్నే చలిలో రైలెక్కి పోతాడు, పిల్లలంటే ప్రాణం. కానీ అతని మాట వింటే నా చెవి నిక్కుతుంది. నేను ఇక్కడికి బయలుదేరే ముందు వారం రోజులు ఫోన్లో పాఠం చెప్పాడు. "ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ అడిగితే బేబీని చూసుకోడానికి వచ్చానని మాత్రం అనకండి అత్తయ్యా. వంట గింట అసలు ఎత్తొద్దు. అది వర్క్ కింద వస్తుంది. ఊరికే చుట్టపుచూపుగా వచ్చాననండి." నాకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు పొయ్యి దగ్గర నిలబడితే మా ఆయన రంగయ్య "ఇంట్లో కూర్చునేదానికి నీకేం తెలుస్తుంది" అనేవాడు. నేను చేసేది పని అని మొట్టమొదట ఒప్పుకున్నది ఆ కౌంటర్లో కూర్చున్న తెల్లాయనే. ఆ పని లేదని అబద్ధం చెబితేనే లోపలికి పోనిచ్చేది. చెప్పాను. మొన్న ఇంకో ఆర్నెల్లు ఉండడానికి ఫారం నింపి, ఇక్కడ సంతకం పెట్టండన్నాడు. ఏం రాశాడని ఇషాతో చదివించుకుంటే, చెట్ల మీద మంచు కురవడం చూడాలని నాకు కోరికగా ఉందట. అదీ పెట్టాను. మా నాయన చూపినచోట, మా ఆయన చూపినచోట పెట్టిన చేయే ఇది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర టీవీలో నలుగురు అరుచుకుంటున్నారు. ఏందని అడిగాను. ఆశ్రయం పొందినవాళ్ళకు శాశ్వతంగా ఉండే కార్డులు ఇవ్వకూడదని కొందరు, పాత ఫైళ్ళు కూడా మళ్ళీ తెరిచి చూడాలని కొందరు, మాటిచ్చి తప్పితే ఎలాగని ఇంకొందరు. అల్లుడు చెంచా కింద పెట్టేశాడు.

"పన్నెండేళ్ళ నుంచి గ్రీన్ కార్డ్ లైన్‌లో ఉన్నాను అత్తయ్యా. ఒక్క రూల్ బ్రేక్ చేయలేదు. వీళ్ళు వచ్చి ఒక స్టోరీ చెప్తారు, అయిపోయింది. ఎవడు చెక్ చేశాడు ఆ స్టోరీలన్నీ?"

"అందరూ అట్లా కాదు కదా భానూ" అంది శాంతి, కంచంలోకి చూస్తూ.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. "అయినా ఆ యోగేశ్వరి మాట నాకూ అనుమానంగానే ఉండాది బాబూ. తోడబుట్టినోళ్ళు ఎంతమంది అంటే ఒకనాడు ఇద్దరన్నలంటాది, ఇంకోనాడు ముగ్గురంటాది. అన్నల్ని కూడా ఎవురన్నా మరిచిపోతారా?"

"చూశావా శాంతీ!" అన్నాడు అల్లుడు. ఆ పూట నేను తెలివైనదాన్నయ్యాను. ఇంకో గరిటె పప్పు వేయించుకుని మరీ తిన్నాడు.

ఆ మంగళవారం యోగేశ్వరి తడి చేతులు తుడుచుకుంటూ శాంతి ముందు నిలబడింది. కార్డు కోసం ఇంటర్వ్యూకి పిలుపు వచ్చిందట. ఈ ఊళ్ళోనే ఉండి పని చేసుకుంటున్నట్టు పని ఇచ్చినవాళ్ళు ఒక ఉత్తరం ఇస్తే బాగుంటుందని లాయరమ్మ చెప్పిందట. శాంతి "ష్యూర్, భానుతో ఒక మాట చెప్పి ఇస్తా" అంది. సాయంత్రం వాళ్ళిద్దరూ పై గదిలో మాట్లాడుకున్నారు. తలుపు వేసుకున్నారు కాబట్టి నేను మెట్ల దగ్గర బట్టలు మడతపెట్టుకున్నాను.

"మన ఫైల్ పెండింగ్‌లో ఉండగా ఇంకొకళ్ళ ఫైల్‌లో మన పేరెందుకు శాంతీ? రేపు ఆమె చెప్పింది అబద్ధమని తేలితే? మీ అమ్మే చెప్పిందిగా, అన్నలెంతమందో కూడా ఆమెకి తెలీదని."

నా చేతిలో ఉన్న అనీష్ చొక్కా మడత కుదరలేదు. మళ్ళీ విప్పాను, మళ్ళీ మడిచాను.

శుక్రవారం ఆమె రాగానే శాంతి ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా "సారీ యోగేశ్వరీ, కుదరట్లేదు" అంది. ఆమె సరేనని చీపురందుకుంది. ఏడవలేదు, బతిమాలలేదు. అది చూసి నాకు ఇంకా అనుమానం పెరిగింది. నిజం చెప్పేదైతే ఒక్క మాటైనా అడగదా? అనీష్‌ని చంకనేసుకుని ఆమె వెనకే బాత్రూం దాకా పోయాను.

"నిజం చెప్పు. నీకు అన్నలు ఎంతమంది?"

ఆమె టబ్బు రుద్దడం ఆపలేదు. "ఎవరు అడుగుతున్నారనేదాన్ని బట్టి ఉంటుందమ్మా" అంది.

"అట్లా ఎట్లా ఉంటాది?"

"నడిపన్నను మిలిటరీవాళ్ళు జీపులో తీసుకుపోయారు. శవం ఇవ్వలేదు, కర్మ చేయలేదు. మా అమ్మతో ఫోన్లో మాట్లాడేటప్పుడు ముగ్గురనాలి. ఇద్దరంటే ఆ పూట అన్నం తినదు. ఆ అన్న భార్య, మా వదిన, రెండో పెళ్ళి చేసుకుంది, ఆమె ముందు ఇద్దరనాలి. ఇక్కడ ఆఫీసరుకు ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మీరు అడిగిన రోజు మా అమ్మతో మాట్లాడి వచ్చానో లేదో నాకు గుర్తులేదు."

నేను కమోడు మూత మీద కూర్చుండిపోయాను. అనీష్ నా గాజులు లాగుతున్నాడు.

నా మొదటి కాన్పు ఆడపిల్ల. పంతొమ్మిది రోజులు బతికింది. ఇంకో రెండు రోజులుంటే పేరు పెట్టేవాళ్ళం, ఉయ్యాల కూడా అడిగి తెచ్చిపెట్టారు. శాంతి పుట్టాక రేషన్ కార్డు రాయించుకునే రోజున పిల్లలెంతమందని అడిగితే నేను ఇద్దరన్నాను. రంగయ్య అందరి ముందూ నవ్వాడు. "పేరు కూడా లేనిదాన్ని ఏ కాగితంలో రాయిస్తావే? ఆడపిల్లే కదా పోయింది, ఒకటని చెప్పు" అన్నాడు. తరవాత కొడుకు పుట్టాడు, ఇద్దరయ్యారు. అప్పటినుంచీ అన్ని కాగితాల్లోనూ ఇద్దరే. మద్రాసులో వీసా కిటికీ దగ్గర అడిగినా ఇద్దరే. శాంతికీ ఎప్పుడూ చెప్పలేదు. కానీ బస్సులో పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆడది అడిగితే ముగ్గురనే చెప్పేదాన్ని. నా మాటల్ని కూడా ఎవరైనా పట్టి పట్టి విని, తీసుకుపోయి భోజనాల దగ్గర పెట్టి ఉంటే?

"నీ ఉత్తరం నేను రాస్తా" అన్నాను. ఆమె మొదటిసారి పని ఆపి నా వంక చూసింది. నమ్మలేదు. నమ్మకపోవడమే న్యాయం.

ఇషా బడినుంచి రాగానే దోసె పెట్టి, దాని నోట్‌బుక్కులోంచి కాగితం చింపించుకున్నాను. నా అక్షరాలు గట్టున పడ్డ మట్టగిడస చేపల్లా గిలగిల కొట్టుకుంటాయి, అయినా తెలుగులో రాశాను. రాసింది నేను చదువుతుంటే ఇషా తన బడి ల్యాప్‌టాప్‌లో ఇంగ్లీషులో కొట్టాలి. ఆ పనికి కావాలనే వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను, సరిగ్గా ఆ తెల్లకన్ను కింద.

"అనీష్‌ని పెంచేది, వంట చేసేది నేనే. మే నెల నుంచి ఒక్క రోజు కూడా ఇల్లు కదల్లేదు. అందుకే యోగేశ్వరి ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం రావడం నా కళ్ళతో చూశాను" అని చదివాను.

"అమ్మమ్మా, నువ్ వర్క్ చేస్తావని రాయొద్దు కదా? డాడీ చెప్పాడు."

గోడలోంచి గొంతు వచ్చింది. "అత్తయ్యా, ఇషాతో ఏం రాయిస్తున్నారు?"

"ఉత్తరం బాబూ. ఆ పిల్లకి."

"అత్తయ్యా, ప్లీజ్! మీ ఎక్స్‌టెన్షన్ పోతుంది. వెనక్కి పంపించేస్తారు."

"పంపిస్తే పోతా బాబూ. నేను పోయినాకనైనా ఈ ఇంట్లో ఎంత పని ఉండేదో మీకు తెలుస్తాది."

మెట్ల మీద శాంతి నిలబడి ఉంది. ఎప్పుడు దిగి వచ్చిందో. కాగితం లాక్కుంటుందేమోనని దాని మీద చేయి పెట్టాను. కూతురి మీద కూడా అనుమానమే, ఏం చేయను. అది లాక్కోలేదు. వచ్చి ఇషా పక్కన కుర్చీ జరుపుకుని కూర్చుంది.

"పైన నీ గురించి కూడా రాయాలి అమ్మమ్మా. హూ ఆర్ యూ, అలా" అంది ఇషా.

"రాసుకో. నా పేరు శేషమ్మ. ఊరు నగరి. నాకు బిడ్డలు ముగ్గురు."

ఇషా వేళ్ళు ఆగాయి. "టూ కదా? మమ్మీ, మామయ్య."

శాంతి నా వంక చూస్తోంది. గోడలో కన్నూ చూస్తోంది. అల్లుడు విన్నాడని తెలుసు.

"ముగ్గురే. పెద్దదానికి పేరు పెట్టలేదు" అన్నాను. "కొట్టమ్మా."