జర చాకియ్యవా

అండాలు వాకిట్లో గోనెసంచి పరుచుకుని చాకులకు నువ్వుల నూనె పట్టిస్తోంది. అమాస అమాసకూ ఆమెకు తప్పని పని అది. ఆ రోజు అమాస కూడా కాదు. ఆలేరు నుంచి చుట్టాలొస్తున్నారు, వాళ్లకు చూపించాలి, తళతళలాడాలి అని పొద్దున్నే హుకుం వేసి పోయాడు మొగుడు ఐలేశం. పిండి విసరాలి, బర్రెకు కుడితి పెట్టాలి, ఆ వచ్చే చుట్టాలకు వంట చెయ్యాలి. అవన్నీ తర్వాత, ముందు చాకులు. చాకులేమో ఐలేశానివి, తుడిచే చేతులేమో అండాలువి.

అబ్బో, ఐలేశం చాకుల పిచ్చి తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. యాదగిరిగుట్ట జాతరకు పోతే నర్సింహస్వామి ఎక్కడికీ పోడులే అని ముందు చాకుల దుకాణం దగ్గరే ఆగేవాడు. చేప ఆకారంలో ఇత్తడి పిడి ఉన్నదొకటి, పిడిలో చిన్న అద్దం పొదిగినదొకటి, పట్నం నుంచి తెప్పించినదొకటి, అండాలు కోసిన జొన్నలు బుట్టెడు పోసి మార్చుకున్నవి ఇంకో రెండు. అన్నీ మడత చాకులే. ఎర్ర పటకా గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టేవాడు. ఎవరైనా వస్తే దించి, ఒక్కొక్కటే టక్కున విప్పి, టక్కున మడిచి చూపించేవాడు. వాళ్లు ఆహా అంటూ ఉంటే అండాలు మంచినీళ్లు తెచ్చిచ్చేది. "గింత తళతళ ఎట్లున్నయ్ బావా?" అని అడిగితే "మంచి ఇనుము" అనేవాడు. ఇనుమట! అండాలు చెంబు పట్టుకుని లోపలికి పోతూ లోలోపలే పళ్లు నూరుకునేది.

ఆరో చాకు మాత్రం పటకాలో ఉండేది కాదు. అది ఐలేశం మొలతాడుకు వేలాడేది. బర్రెకొమ్ము పిడి, భువనగిరిలో చాకులు చేసే అహ్మద్ అలీ చేసిచ్చింది. అది అండాలు బాపుది. ఆమె మేకలు కాసే వయసులో బాపు దాన్ని ఆమె చేతిలో పెట్టి, "ఆకలైతే పండు కోస్కో బిడ్డా, భయమైతే గట్టిగ పట్టుకో" అన్నాడు. పెళ్లయ్యేదాకా అది ఆమె నడుముకు దోపుకున్న బొడ్లె సంచిలోనే ఉంది. గుట్టల మీద సీతాఫలం కాయలు కోసుకుంది, మేకపిల్ల కాలికి గుచ్చుకున్న ముల్లు తీసింది, తోచక తంగేడు పుల్లలు చెక్కింది. అత్తగారింటికి వచ్చిన మర్నాడే ఐలేశం దాన్ని తీసుకుని "ఆడిదానికి చాకెందుకు?" అని తన మొలతాడుకు కట్టుకున్నాడు. "ఇంటికి అరిష్టం గూడ" అంది అత్త. అంతే, అయిపోయింది.

అప్పటి నుంచి చేను దగ్గర ఉల్లిగడ్డ కొయ్యాలన్నా, బస్తా కుట్టు విప్పాలన్నా "జర చాకియ్యవా" అని అడుక్కోవాలి. "ఎందుకు? ఏం గోస్తవ్?" అని అతను విచారణ చెయ్యాలి. ఒకసారి దూడ మెడకు పలుపు బిగుసుకుని గుడ్లు తేలేసింది. చెలక అవతల గట్టు మీద ఉన్న మొగుణ్ని చాకు తెమ్మని కేకలు పెట్టింది అండాలు. "నోట్లె పండ్లు లేవా?" అని అరిచి అతను మళ్లీ ముచ్చట్లలో పడ్డాడు. అండాలు నిజంగానే పళ్లతో కొరికింది. దూడ బతికింది, ముందుపన్ను సగం విరిగింది. పక్కింటి తాహేరా లవంగం నూరి పెడితే నొప్పి పోయింది. కోపం పోలేదు. నవ్వొచ్చినప్పుడల్లా కొంగు అడ్డం పెట్టుకోవడం ఆమెకు అలవాటైంది. 'నా తండ్రి నాకిచ్చిన చాకు నా కళ్ల ముందే ఊగుతుంటే, నేను నా పన్ను విరగ్గొట్టుకోవాలా?' అని నాట్లు వేస్తూ అనుకునేది, పిడకలు చరుస్తూ అనుకునేది, పైకి మాత్రం అనేది కాదు.

ఆ రోజు ఆమె చేప చాకు తుడుస్తూ ఉండగానే డప్పు వినిపించింది. రజాకార్లు పారిపోయి, యూనియన్ మిల్ట్రీ ఊళ్లలోకి వచ్చిన రోజులవి. "తుపాకులు, బరిసెలు, కత్తులు, మొగోళ్ల మొలల చాకులు గూడ రేపు పొద్దుగాల చావడికాడ పెట్టాలె! దాసిపెట్టినోళ్లను క్యాంపుకు పట్కపోతరహో!"

చుట్టాలు రాలేదు. ఐలేశం మాత్రం ఉరుక్కుంటూ వచ్చి తలుపేశాడు. చాకులు గడ్డివాములో దోపాడు, తీశాడు. గుమ్మిలో పడేశాడు, తీశాడు. చివరికి అన్నిటినీ పటకాలో చుట్టి, మొలతాడుది కూడా విప్పి అందులో వేశాడు. అండాలు అడ్డం వచ్చింది.

"బాపు చాకు నాకియ్యి. ఆడోళ్లను ఎవరు సోదా జేస్తరు? బొడ్లె సంచిల పెట్టుకుంట."

"దొరికితే పట్కపోయేది నన్ను, నిన్ను గాదు. నోర్ముయ్."

బాపు చనిపోయాక ఆయనది అంటూ ఆమెకు మిగిలింది ఆ కొమ్ము పిడి ఒక్కటే. రేపటికి అది కూడా ఏ మిల్ట్రీ లారీలోనో పోతుంది.

మర్నాడు చావడి ముందు ఊరంతా పోగైంది. మొగవాళ్లు ఒకవైపు వరసలో, ఆడవాళ్లు గోడ వారగా. కుర్చీలో సుబేదారు ఒకాయన, కోస్తా మనిషి. మిల్ట్రీవాడి నోట తెలుగు రావడమే ఊరికి పెద్ద వింత. ఒక్కొక్కరే వచ్చి చాకు గోనెపట్టా మీద పడేస్తున్నారు. ఐలేశం వంతు వచ్చింది. పటకా విప్పగానే ఆరు చాకులూ ఎండకు భగ్గుమని మెరిశాయి. అండాలు తోమిన తోముడు మరి!

సుబేదారు కుర్చీలోంచి లేచాడు. "ఒక్క మనిషికి ఇన్ని చాకులా? కొత్తగా పదునుపెట్టి, నూనె రాసి! ఎవరి కోసం దాచావయ్యా? ఏ దళానికి?"

ఐలేశం చుట్టూ చూశాడు. గోడ దగ్గర భార్య కనిపించింది.

"నాయి గావు సారూ! మా ఇంటిదానియి!"

గోడ వారగా ఉన్న ఆడవాళ్లంతా ఒక్కసారి అండాలు వైపు తిరిగారు. సుబేదారు రమ్మని సైగ చేశాడు. అండాలు కొంగు నడుముకు దోపుకుని ముందుకు వచ్చింది. కాదంటే మొగుడు క్యాంపుకు పోతాడు, ఆ సంగతి ఆమెకు తెలుసు. అంత చెడ్డ మనిషేమీ కాదు, పోనివ్వాలని ఆమెకు లేదు. కానీ ఆ క్షణాన ఆమెకు ఇంకొకటి కూడా తెలిసింది. మొగుడు ఊరి ముందు అన్న ఈ మాట మళ్లీ జన్మలో దొరకదు.

"ఏమయ్యా," అంది మొగుడి వైపు తిరిగి, "సారుకు సరిగ్గ ఇనవడలే. ఎవలియి?"

"నీయే."

"అన్నీనా? గా కొమ్ము పిడిది గూడనా?"

"అన్నీ నీయే అంటున్న గద! గదైతే మీ బాపు ఇచ్చిందే!" అని గొంతు చించుకున్నాడు ఐలేశం. చావడి గోడలు కూడా విన్నాయి.

"అవు సారూ, నాయే" అంది అండాలు. "ఉల్లిగడ్డ గోస్తం, పలుపులు గోస్తం. తోమి నూనె పెట్టేది గూడ నేనే." అని నూనె మరకల అరచేతులు చూపించింది.

సుబేదారు ఆ చేతుల వంక చూసి నవ్వాడు. "ఆడవాళ్ల కూరల కత్తులు మాకెందుకమ్మా? తీసుకెళ్లు."

ఇక చూడాలి తమాషా! గోనెపట్టా మీద చాకు పడేసి పక్కకు పోయిన లచ్చయ్య వెనక్కి ఉరికొచ్చాడు. "సారూ, నాది గూడ మా ఇంటిదానిదే!" చెన్నయ్య తన చాకు తల్లిదన్నాడు. పెళ్లి కానివాడొకడు ఎవరి పేరు చెప్పాలో తెలియక చెల్లెలి పేరు చెప్పాడు. లచ్చయ్య భార్య కౌసల్య మొగుడి చాకు కొంగులో ముడేసుకుంటూ "ఇన్నొద్దులు ఊకె అరువిచ్చిన సారూ" అనేసరికి ఆడవాళ్లు ఘొల్లుమన్నారు. అండాలు కూడా నవ్వింది. నవ్వాక గుర్తొచ్చింది, కొంగు అడ్డం పెట్టుకోలేదని.

ఇంటికి రాగానే ఐలేశం అరుగు మీద కూర్చుని చెయ్యి చాచాడు. "ఇగ తే."

అండాలు ఇవ్వలేదు. "మల్ల మిల్ట్రీ వస్తే ఎవలియి అంటవ్?" అని మాత్రం అడిగింది. అతను చాచిన చేత్తోనే మీసం దువ్వుకున్నాడు.

ఆమె గంజి వారుస్తుంటే అత్త మెల్లగా వెనక చేరింది. ఇల్లు అరిష్టమని ఇంకో దండకం చదువుతుందేమో అనుకుంది అండాలు.

"పిల్లా," అంది ముసలామె గొంతు తగ్గించి, "గా చాప లెక్కున్నది నాకియ్యరాదే. వక్క నమలొస్తలేదు. ముక్కలు జెయ్యమని మీ మామ ఉన్నన్నాళ్లు ఆయన్ను అడుగుడు, ఇప్పుడు కొడుకును అడుగుడు. యాష్టకొచ్చింది."

అండాలు అత్త మొహంలోకి చూసింది. అరిష్టం అన్న నోరు, పళ్లు లేని నోరు, ఆశగా నవ్వుతోంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చేప చాకు అత్త బొడ్లె సంచిలో తనే పెట్టింది.

బతుకమ్మ వచ్చింది. రెండేళ్లుగా భయంతో వాకిలి దాటని ఆడవాళ్లు అండాలు ఇంటి ముందు గుంపుగా కూర్చుని గునుగుపూల కాడలు కోస్తున్నారు. అందరి చేతుల్లోనూ చాకులే. టక్కు, టక్కు, టక్కు! ఒక్క చాకు కూడా తిరిగి మొగవాళ్ల మొలకు పోలేదు. పటకాలోని మిగతావి లేనివాళ్లకు పంచింది అండాలు. అద్దం పిడిది తాహేరా చేతిలో ఉంది, బతుకమ్మ ఆడకపోయినా కాడలు కొయ్యడానికి ఆమె అందరికన్నా ముందొచ్చింది.

ఐలేశం తంగేడుపూల మోపు నెత్తిన పెట్టుకొచ్చి దించాడు. తాడు ముడి బిగుసుకుంది. గోళ్లతో లాగాడు, రాలేదు. చెయ్యి అలవాటుగా మొలతాడు దగ్గరికి పోయింది. అక్కడేముంది? కాసేపు తాడుతో కుస్తీ పట్టి, చివరికి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"అండాలూ... జర చాకియ్యవా?"

చాకుల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆడవాళ్లంతా అండాలు నోటి వంకే చూస్తున్నారు. నోట్లో పళ్లు లేవా అనే మాట ఆమె నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎన్నాళ్ల నుంచి దాచుకున్న మాట! అనేస్తే ఎంత కమ్మగా ఉంటుంది! కౌసల్య అయితే మోచేత్తో పొడిచింది కూడా.

అండాలు లేచింది. బొడ్లె సంచిలో నుంచి బాపు చాకు తీసి విప్పి, తాడును ఒక్క కోత కోసింది. పసుపుపచ్చని తంగేడు వాకిలంతా పరుచుకుంది. చాకును కొంగుతో తుడిచి, మడిచి, మళ్లీ నడుముకు దోపుకుంది. విరిగిన పన్ను కనిపించేలా నిండుగా నవ్వింది.

"పని వడ్డప్పుడల్ల అడుగు. ఎందుకని నేనడుగ."