మసీనా నొక్కని గడియారం

దీవి పట్టణం అపియాలో చర్చి వెనకున్న హాలులో చదరంగం పోటీ ఆఖరి రౌండుకు వచ్చింది. చర్చి పెద్దల్లో ఒకడైన డీకన్ ఇయోసెఫోకు ఎదురుగా కూర్చున్నది మసీనా, రిటైరైన నర్సు. ఏళ్ల తరబడి ఆడుతున్నా ఆయన ప్రతిసారీ ఆమె చేతిలో ఓడిపోతూనే ఉన్నాడు. ఈసారైనా గెలిపించమని పొద్దున ప్రార్థనలో అడిగాడు. ఇలాంటివి అడగవచ్చో లేదో అనుకుంటూనే అడిగాడు.

ఎప్పటిలాగే రాణి ముందున్న బంటును రెండు గళ్లు నడిపాడు. ఆ తర్వాత దాని పక్క బంటును ఆమె తినడానికి వీలుగా పెట్టాడు. మసీనా దాన్ని ముట్టుకోలేదు.

"ఊరికే పెడితే తినడానికి ఇదేమన్నా చర్చి విందా, డీకనూ?"

"తింటే నీకే మంచిది, అక్కా."

"నా మంచి నాకు తెలుసులే. నువ్వాడు."

మధ్యాహ్నానికి ఇద్దరికీ ఒక్కో ఏనుగూ కొన్ని బంట్లూ మిగిలాయి. ఎవరిదీ పైచేయి కాదు. మసీనా తన ఏనుగును జరిపి, కోకో తెచ్చుకోవడానికి లేచి వెళ్లింది. ఎత్తు వేశాక బల్ల మీది ఆట గడియారం మీట నొక్కి తన సమయాన్ని ఆపడం మరిచిపోయింది. కరుగుతున్నది ఆమె సమయమే.

ఇయోసెఫో పిలవబోయి ఆగాడు. చెప్పి తీరాలన్న నియమమేమీ లేదు. ఆమె సమయం అయిపోతే గెలుపు తనదే. పొద్దున అడిగినదానికి జవాబు ఇదేనా? ముసలావిడ మతిమరుపుతోనా దేవుడు జవాబిచ్చేది? అలా మథనపడుతూ తన ఎత్తు సంగతే మరిచిపోయాడు.

ఆమె కప్పుతో తిరిగి వచ్చింది.

"అక్కా, నువ్వు గడియారం నొక్కలేదు."

మసీనా చటుక్కున నొక్కింది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు లేచినప్పట్నుంచి."

"చూస్తూ కూర్చున్నావా? డీకన్‌వై ఉండి?"

"కూర్చున్నాను." తల దించుకున్నాడు.

"సర్లే, కళ్లు తెరిచి ప్రార్థన చేస్తున్నావనుకుంటా."

ఆమెకు కాస్త సమయమే మిగిలింది. ఆటను సాగదీస్తే చాలు. ఇయోసెఫో ఏనుగును జరిపాడు. మీట నొక్కబోయే ముందు, "డ్రా చేసుకుందామా?" అన్నాడు.

"పిచ్చా నీకు? ఇంకాసేపు ఆడితే గెలుస్తావయ్యా!"

"గెలిచేది గడియారం. నాకు నిన్ను ఓడించాలనుంది."

మసీనా పకపకా నవ్వింది. పక్క బల్లల వాళ్లు ష్ అన్నారు. డ్రాకు ఒప్పుకుంటూ చెయ్యి చాచింది. "అయితే నువ్వింకా చాలా ఏళ్లు బతకాలి, తమ్ముడూ."

చెయ్యి కలిపాకగాని ఇయోసెఫోకు తట్టలేదు, ఆమె ముందు నుంచి ఓడకుండా లేవడం ఇదే మొదటిసారని. అడిగినదాంట్లో సగమే దక్కింది. ఆ సగం ఎవరిచ్చారో తేల్చుకోలేకపోయాడు గాని, మనసుకు హాయిగా ఉంది.

"పద పద," అంది మసీనా, "వేడి పానికెకే బూరెలు వేయిస్తున్నారు. పిల్లలు ఊడ్చేయకముందే తిందాం."