ఊపిరి క్లాసు

సాయంత్రం ఫోన్‌లో క్లాసు మొదలయ్యే ముందు దుర్గమ్మ గదిలో తీగ మీద ఆరేసిన బట్టలన్నీ తీసి మంచం మీద కుప్ప పోసేది. తీయకపోతే అరకు పిల్ల ఊపిరి వదలగానే ఫోన్‌లోంచి మంచు వచ్చి, ఆరినవి కూడా మళ్ళీ చెమ్మగిల్లేవి. కొత్తగూడెం పిల్లాడితో ఇంకో తంటా. వాడి గాలిలో బొగ్గు నుసి ఉండేది. తెల్ల చున్నీలు చూస్తుండగానే మాసిపోయేవి.

"జర ఫోను కిటికి దిక్కు తిప్పరాదే," అనేది కూతురితో. "గా బొగ్గంత మనింట్లకెందుకు?"

గౌతమి ఫోను తిప్పేది. ఆ రోజుల్లో అంతకు మించి ఆమె చేసే పని ఏదీ లేదు.

వాళ్ళుండేది చిల్కానగర్‌లో, రెండు గదుల పోర్షన్‌లో. తండ్రి ఉపేందర్‌కు నాచారంలో లేత్ మిషన్ మీద పని. దుర్గమ్మ అక్కడే ఒక మందుల కంపెనీలో గోలీలు ప్యాక్ చేసేది. మొన్నమొన్నటి దాకా ఇల్లు కూడా నాచారంలోనే ఉండేది. గౌతమి పదో తరగతి వరకు చదివింది ఆ గల్లీల్లోనే. మంచి మార్కులొచ్చాయని హబ్సిగూడలో కాలేజీలో చేర్పించి, దగ్గరవుతుందని ఇటు మారారు.

దసరా సెలవులయ్యాక ఒక పొద్దున ఆమె మంచం మీంచి లేవలేదు. జ్వరం లేదు. కాలేజీలో ఎవరూ ఏమీ అనలేదు.

"ఏడ నొస్తుంది బిడ్డా?" అని తల్లి అడిగితే, "ఏడనో సమజైతలేదమ్మా," అంది.

మొదట బద్ధకమనుకున్నారు. తర్వాత దిష్టి అనుకుని నిమ్మకాయలు తిప్పేశారు. స్నేహితురాళ్ళ ఫోన్లు ఆగిపోయాయి. జడ వేసుకోక జుట్టు ఉండలు కట్టింది. చలికాలం సగంలో ఉపేందర్ సగం రోజు సెలవు పెట్టి ఆమెను ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకుపోయాడు.

డాక్టరమ్మ చాలాసేపు పిల్లతో ఒంటరిగా మాట్లాడింది. తర్వాత వీళ్ళను లోపలికి పిలిచింది. "ఇది బద్ధకం కాదు, పొగరూ కాదు. డిప్రెషన్. జబ్బు. తగ్గుతుంది, కాకపోతే టైము పడుతుంది," అని గోలీలు రాసిచ్చింది. దాంతోపాటు ఈ వయసు పిల్లల కోసం ఆన్‌లైన్‌లో నడిచే మైండ్‌ఫుల్‌నెస్ క్లాసులో చేర్పించింది. ఇంట్లో ఎవరికీ ఆ మాట నోరు తిరగలేదు. ఊపిరి క్లాసు అన్నారు. ఆ పేరే ఉండిపోయింది.

క్లాసు చెప్పేది ఛాయాదేవి మేడం. ఆమె గాలిలో వక్కపొడి వాసన వచ్చేది. "కళ్ళు మూసుకోవాలనిపిస్తే మూసుకోండి, లేదంటే లేదు," అనేది. "మనసు ఎటో పోతుంది. పోనివ్వండి. పోయిందని తెలిసినప్పుడు మళ్ళీ ఊపిరి దగ్గరికి రండి. ఎన్నిసార్లు పోయినా తప్పేం లేదమ్మా."

వీడియో పెట్టాలన్న రూలు లేదు. చాలామంది పెట్టేవారు కాదు. ఫోను నిండా నల్లని గడులే. అయినా ఎవరి గాలి వాళ్ళదే, కలిసేది కాదు. గౌతమికి తన ఊపిరి మీద మనసు నిలిచేది కాదు గానీ, మిగతావాళ్ళది మాత్రం బాగా తెలిసేది. బందరు అమ్మాయి ఏడ్చిన రోజు ఆమె గాలిలో ఉప్పు ఎక్కువుండేది. అలాంటి రోజున గౌతమి కొంచెం తేలిగ్గా పడుకునేది. ఎందుకో తనకే సిగ్గుగా ఉండేది. వేరేవాళ్ళ ఏడుపుతో తన మనసు తేలికపడడమేమిటి? అదే మేడంతో విడిగా అంటే, ఆమె నవ్వింది. "ఏడుపుతో కాదమ్మా. తోడుతో."

ఆ గడుల్లో ఒకదాని మీద హెచ్ అన్న ఒక్క అక్షరమే ఉండేది. ముఖం లేదు, మాట లేదు. కానీ ఆ గడిలోంచి వచ్చే గాలిని గౌతమి మొదటి రోజే పట్టేసింది. సాయంత్రం కంపెనీలు వదిలే మందుల ఘాటు, పిండిగిర్నిలో మిరపకాయలు పట్టించినప్పుడు ముక్కుకెక్కే కోరు, వాటి నడుమ బేకరీ బిస్కెట్ల కమ్మదనం. ఆ మూడూ కలిసే గల్లీ నాచారంలో ఉంది. బడి వదిలాక తుమ్ముకుంటూ, నవ్వుకుంటూ దాటిన గల్లీ. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పేరే దాచుకున్నవాళ్ళ ఇల్లు బయటపెట్టడం న్యాయం కాదనిపించింది.

ఎండలు ముదిరేకొద్దీ హెచ్ గాలి పలచబడుతూ వచ్చింది. బిస్కెట్ల వాసన పోయింది. తర్వాత మిరప కోరు పోయింది. కొన్నాళ్ళు మూసిన గది వాసన మాత్రమే వచ్చింది. ఒక శుక్రవారం మేడం "నెమ్మదిగా వదలండి" అన్నప్పుడు అరకు మంచు వచ్చింది, బొగ్గు వచ్చింది, ఉప్పు వచ్చింది. హెచ్ గడి ఉంది. అందులోంచి ఏమీ రాలేదు.

గౌతమి మైకు ఆన్ చేసింది. క్లాసులో అందరూ వింటుండగా ఆమె మాట్లాడడం అదే మొదలు.

"మేడం, హెచ్ గాలి వస్తలేదు."

"నేనూ అదే చూస్తున్నానమ్మా." ఛాయాదేవి గొంతు మారింది. "హృషీ, వినిపిస్తోందా నాన్నా? ఒక్క మాట అను."

జవాబు రాలేదు. ఆమె పిల్లల్ని ఉండమని, ఇంకో ఫోన్‌లో ఆ అబ్బాయి తండ్రికి చేసింది. ఎత్తలేదు. తల్లి విజయవాడ వెళ్ళే రైల్లో ఉంది, ఫోను కలవలేదు. పోలీసులకు చేస్తే బయల్దేరుతున్నామన్నారు.

"మేడం, వాళ్ళుండే నాచారం గల్లీ నాకెర్కనే," అంది గౌతమి. "మాకు దగ్గరే. మా నాయిన ఇప్పుడే డ్యూటీ నుంచి వచ్చిండు."

ఛాయాదేవి ఆమెకు అపార్ట్‌మెంట్ పేరు చెప్పింది. "నాన్నగారితోనే వెళ్ళు. ఒక్కదానివే వద్దు. ఫోను మాత్రం కట్ చెయ్యకు, మేమంతా ఇక్కడే ఉంటాం."

ఉపేందర్ కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసరికి కూతురు మంచం కింద చెప్పులు వెతుకుతోంది. దవాఖానాకు తప్ప గడప దాటని పిల్ల, చెప్పులు ఎక్కడున్నాయో ఎవరికి గుర్తుంటుంది? సంగతి విన్న దుర్గమ్మ తన చెప్పులు విడిచి ముందుకు తోసింది.

"పో బిడ్డా. ఏమయ్యా, సూస్తవేంది, బండి తియ్యి!"

గిర్ని పక్క నుంచి తిరగగానే బేకరీకి ఎదురుగా ఆ అపార్ట్‌మెంట్ ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ భార్య వెంకటనర్సమ్మ బియ్యం ఏరుతోంది.

"అమ్మా, హృషి అని పిలగాడు ఏ అంతస్తుల ఉంటడు?"

"సైంటిస్టు సారు కొడుకా? మూడో అంతస్తు. పిలగాన్ని సూడక మస్తు రోజులాయె," అంటూనే ఆమె గౌతమి ముఖం చూసి చాట పక్కన పెట్టింది. ఆ ఇల్లు ఊడ్చేది ఆమే కాబట్టి తాళంచెవి ఆమె దగ్గరే ఉంది. ముగ్గురూ మెట్లెక్కారు.

వెంకటనర్సమ్మ తాళం తీసింది. లోపలి గదికి గడియ పెట్టి ఉంది. ఉపేందర్ తలుపు మీద భుజం ఆనించాడు. గౌతమి ఆయన చెయ్యి పట్టి ఆపి, వేళ్ళతో మెల్లగా తట్టింది.

లోపల్నుంచి సన్నగా వినిపించింది. "వెళ్ళిపోండి."

ఆ మాటకే వెంకటనర్సమ్మ గోడకు జారగిలబడి దండం పెట్టింది. బతికే ఉన్నాడు.

గౌతమి తలుపు ముందు నేల మీద కూర్చుంది. ఏం చెప్పాలి? ధైర్యంగా ఉండు, నీకేం తక్కువ, అమ్మానాన్నల గురించి ఆలోచించు. ఇవన్నీ జనం తనకు చెప్పిన మాటలే. ఒక్కటీ లోపలికి దిగినట్టు ఆమెకు గుర్తు లేదు.

"నేను గౌతమిని. క్లాసుల ఉంట గదా, గా గౌతమిని. నీ గాలి వస్తలేదని వచ్చిన."

తలుపు అవతల నుంచి జవాబు వచ్చింది. "నా గాలి ఎవరికి కావాలి?"

"నాకు గావాలె. మా పాత గల్లీ వాసన నీ గాలిలకెళ్ళే వస్తుండె. నువ్వు కిటికి మూసినకాడి నుంచి నాకు గా వాసన గూడ లేకపాయె."

గౌతమి ఫోన్‌ను తలుపు కింది సందుకు ఆనించి పెట్టింది. "మేడం, జర అందరిని ఊపిరి వదలమనండి. మెల్లగ."

"పిల్లలూ," అంది ఛాయాదేవి, "హృషి కోసం."

సందులోంచి లోపలికి గాలి పోవడం మొదలైంది. ముందు మంచు, తర్వాత ఉప్పు, నిజామాబాద్ పిల్లాడి పసుపు ఘాటు, బొగ్గు, వక్కపొడి. ఉపేందర్ కూడా కూతురి పక్కన చతికిలబడి, ఎవరూ చెప్పకుండానే వాళ్ళతోపాటు ఊపిరి తీసి వదిలాడు. వెంకటనర్సమ్మ కళ్ళు మూసుకుంది. బొగ్గుకేమో, లోపల హృషి దగ్గాడు. దగ్గి దగ్గి, ఆ దగ్గులోంచే ఏడుపులోకి జారిపోయాడు. గట్టిగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఊరుకోమనలేదు. ఫోన్‌లో పిల్లలు ఊపిరి ఆపలేదు.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది.

గౌతమి ఈడువాడే. ముఖమంతా బొగ్గు నుసి, కనురెప్పల మీద మంచు. ఉపేందర్ లోపలికి చూసి, టేబుల్ మీదున్నదేదో తీసి జేబులో పెట్టుకున్నాడు. వెళ్ళి కిటికీ తెరిచాడు. తర్వాత అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకుంటే, వాడు ముక్కూమొహం తెలియని ఆ మనిషి భుజం మీద తల పెట్టేశాడు.

మీటింగ్ అయ్యాక మిస్డ్ కాల్స్ చూసుకున్న హృషి తండ్రి జనార్ధనరావు, పోలీసులతో పాటే మెట్లెక్కి వచ్చాడు. కొడుకు అలా కనిపించేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎవరండీ మీరు? వాడికేమైంది?"

"మంచిగనే ఉన్నడు సార్. ముందుగాల మీరు వచ్చి పక్కన కూసోండ్రి."

ఆయన కూర్చున్నాడు. హృషి తల ఎత్తలేదు. "నాన్నా, నా వల్ల కావడం లేదు."

ఆ మాటకు చెప్పాల్సిన జవాబులు జనార్ధనరావు దగ్గర ఏడాదిగా సిద్ధంగా ఉన్నాయి. కోచింగ్ గురించి, ర్యాంకుల గురించి, పట్టుదల గురించి, తను చదువుకున్న రోజుల గురించి. ఒక్కటీ నోటికి రాలేదు. "సరే నాన్నా," అన్నాడు. "సరే. వదిలేద్దాం."

ఆ సాయంత్రమే హృషిని ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కొన్నాళ్ళు అక్కడే ఉన్నాడు. మందులు మార్చారు, కోచింగ్ మాన్పించారు. తల్లి సెలవు పెట్టి ఇంట్లో ఉంది. వానలు పడేవేళకు అతను క్లాసుకు తిరిగొచ్చాడు. గౌతమి జూన్‌లో మళ్ళీ మొదటి సంవత్సరంలోనే చేరింది. ఇప్పటికీ కొన్ని పొద్దులు ఆమెకు లేవడం కష్టమే. కానీ అలాంటి పొద్దు కూడా గడిచిపోతుందని ఆమెకు ఇప్పుడు తెలుసు.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు హృషితో ఆసుపత్రికి కారు వెళ్ళిపోయాక తండ్రీకూతుళ్ళు బండెక్కారు. నాచారం రోడ్డు మీద డ్యూటీలు దిగిన జనం. ఉపేందర్ నెమ్మదిగా నడుపుతున్నాడు. వెనక నుంచి గౌతమి ఆయన చొక్కా లాగింది.

"నాయినా, ఆకలైతుంది."

ఆయన బండి పక్కకు తీసి ఆపేశాడు. వెనక్కి తిరగలేదు. హ్యాండిల్ వదలకుండా, చొక్కా భుజానికి ముఖం తుడుచుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో విని ఎన్ని నెలలైందో.

"ఏం తింటవ్ బిడ్డా?"

"మిర్చీలు."

రోడ్డు పక్క బండి మీద నూనె కాగుతోంది. గౌతమి నిలబడే తింది, నోరు కాలుతున్నా ఆగకుండా తింది. ఉపేందర్ తన ప్లేటు చేత్తో పట్టుకుని ఆమెనే చూస్తున్నాడు.

"ఇంకో ప్లేటా అన్నా?" అడిగాడు బండివాడు.

ఉపేందర్ తన ప్లేటు ఆమెకిచ్చేశాడు. వేయమన్నట్టు చెయ్యి ఊపాడు.