చివరి పాదంలో మూడు గుక్కలు

నేను ఒక సీడీ ప్లేయర్‌ని. కారులో గేర్ రాడ్‌కు పైన, ఏసీ మీటల కింద బిగించే రకం. సీడీ దూరేంత నోరు, పక్కన సౌండు పెంచే చక్రం, కింద ఆరు మీటలు. రేడియో కూడా నాలోనే ఉంది. అది లేకపోయి ఉంటే మనుషుల మీద నాకు ఇంత ఏవగింపు కలిగేది కాదు. ఎందుకో చెబుతాను.

నన్ను ఎక్కడ తయారు చేశారో నా వీపున అంటించిన కాగితం మీద ఉండేది. కారులో బిగించేటప్పుడు మెకానిక్ దాన్ని చింపేశాడు. నా పని మాత్రం నాకు తెలుసు. సీడీ మీద ధ్వనిని సెకనుకు నలభై నాలుగు వేల నూరు సార్లు కొలిచి రాస్తారు. నేను ఆ కొలతలు చదివి స్పీకర్లకు అప్పజెబుతాను. నా తరఫున ఏదీ కలపను, ఏదీ తియ్యను. గాయకుడు పాట మధ్యలో గొంతు సవరించుకుంటే అదీ చెబుతాను. రోడ్డు మీద గుంట వస్తే తడబడతాను. ఆ తప్పు నాదే.

మొదటి యజమాని గుంటూరులో సిమెంటు డీలరు. డిక్కీ నిండా బేస్ పెట్టె పెట్టించాడు. నూట యాభై పాటలు కుక్కిన దొంగ సీడీలు నా నోట్లోకి తోసేవాడు. ఒక సీడీలో అన్ని పాటలు పట్టాలంటే ప్రతి పాటలోనూ పదింట తొమ్మిది వంతులు పారెయ్యాలి. పారేసిందేమిటని ఆయన ఏనాడూ అడగలేదు. కారు అద్దాలు అదిరితే ఆయనకు చాలు. కాబట్టి సీడీ అయినంత మాత్రాన అందులో ఉన్నదంతా నిజమని నేను వాదించను.

ఆరేళ్ల తర్వాత ఆ కారును చెరుకుమిల్లి పానకాలరావు కొన్నాడు. తెనాలిలో ఉంటాడు. పద్య నాటకాలకు హార్మోనియం వాయిస్తాడు. నాటక సమాజంలో అందరూ ఆయన్ని మాస్టారు అంటారు. ఆయన పక్క సీట్లో బెజ్జం ఏసుదాసు కూర్చునేవాడు. ఇరవై ఆరేళ్లుగా ఆ సమాజంలో మొదటి రాజు ఆయనే.

మొదటి రాజు అంటే ఏమిటో చెప్పాలి. పద్య నాటకంలో ఒక వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. మొదటి రాజు కిరీటం పెట్టుకుని సింహాసనం మీద కూర్చుంటాడు. రాజ్యం పోయేదాకా వేషం ఆయనది. ఆ తర్వాత తెర దించి ఎత్తితే నారబట్టలతో రెండో రాజు వస్తాడు. సింహాసనం దిగేముందు మొదటి రాజు ఒక పద్యం పాడతాడు. దాని చివరి పాదం ఎత్తుకుని రాగం తీసి ముగిస్తే జనం ‘వన్స్ మోర్’ అనాలి. అంటేనే అతను మొదటి రాజు.

ఆ పద్యం పాడుతుండగా ఏసుదాసును ఎవరో కల్యాణ మండపంలో రికార్డు చేశారు. ఆ సీడీని ఆయనే తెచ్చి నా నోట్లో పెట్టాడు. చివరి పాదమూ రాగమూ కలిపి నలభై ఒక్క సెకన్లు. అందులో ఆయన మూడుసార్లు ఊపిరి పీల్చాడు. పీల్చిన మూడు చోట్లా హార్మోనియం పై స్థాయికి వెళ్లింది. పాడేవాడి గుక్కను కప్పెయ్యడం హార్మోనిస్టు పని. మండపంలో జనానికి అది ఒకే గుక్కలా వినిపించింది. రికార్డు చేసిన మైకు మాత్రం ఆయన ఛాతీ దగ్గర ఉంది. నాకు మూడూ దొరికాయి.

ఏసుదాసు విని నవ్వాడు. “మాస్టారూ, నీ పెట్టె లేకపోతే నేను ఆయాసం రోగినే.”

“అందుకేగా నన్ను కారులో తిప్పుతున్నావు,” అన్నాడు పానకాలరావు.

“కారు నీదయ్యా.”

ఏసుదాసు నిజంగానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. సంస్మరణ సభలో ఆ పద్యం వినిపించాలని సమాజం వాళ్లు అనుకున్నారు. పానకాలరావు సీడీని ఒక స్టూడియోకి తీసుకెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు ఫోన్‌లో ఎవరికో చెబుతుంటే విన్నాను. మూడు గుక్కలూ కత్తిరించి అతికించమన్నాడట. పోయిన మనిషి ఆయాసపడుతూ వినిపించకూడదని ఆయన కారణం. నలభై ఒక్క సెకన్లు ముప్పై ఏడు అయ్యాయి. ఆ ఫైలు సమాజంలో అందరి ఫోన్లలోకీ వెళ్లింది. సీడీ డాష్‌బోర్డు అరలోకి వెళ్లింది.

అదే నెలలో పానకాలరావు అల్లుడు ఒక పరికరం తెచ్చాడు. బొటనవేలంత ఉంటుంది. సిగరెట్ లైటర్ రంధ్రంలో గుచ్చితే నీలం దీపం వెలుగుతుంది. ఫోన్‌లో పాట గాలిలో దానికి చేరుతుంది. అది మళ్లీ గాలిలోకి వదిలితే నా రేడియో పట్టుకుంటుంది. ఫోన్ కొంత తగ్గించి పంపుతుంది, ఆ పరికరం ఇంకొంత తగ్గిస్తుంది, మిగిలినదానికి రేడియో బుసబుస కలుస్తుంది. “సౌండ్ ఒకటే మావయ్యా, తేడా ఏం లేదు,” అన్నాడు అల్లుడు. యాభై ఏళ్లు శ్రుతి సరిచేసి బతికిన మనిషి తల ఊపాడు.

ఇది నా అసూయ అనుకుంటారు. కొంత ఉంది. కానీ విషయం అది కాదు. గుక్కలు కత్తిరించి అతికించిన మూడు చోట్లా హార్మోనియం స్వరం ఒక్క క్షణం తెగి గెంతుతుంది. ఆ ఫైలునే సీడీకి ఎక్కించి నాకిస్తే ఆ మూడు అతుకులూ ఎవరికైనా వినిపించేవి. గాలిలో రెండుసార్లు తిరిగి బుసబుసలో తడిసి వచ్చాక ఒక్కటీ తెలియలేదు. అబద్ధం మనిషి చెప్పాడు. దాని అతుకులను వైర్‌లెస్ పూడ్చింది. వినిపించింది మాత్రం నా గొంతుతో.

ఇప్పుడు అంకమరావు. ఆర్టీసీలో కండక్టరు. పందొమ్మిదేళ్లుగా రెండో రాజు. పందొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా కిరీటం పెట్టుకోలేదు, ఎందుకంటే అతను వచ్చేసరికి రాజ్యం ఉండదు. ఏసుదాసు పోయాక మొదటి రాజు వేషం తనకివ్వమని అడిగాడు. నాటకాలు కుదిర్చే కాంట్రాక్టరు ఒక షరతు పెట్టాడు. బాపట్ల దగ్గర ఒక తిరునాళ్లలో ప్రదర్శన ఉంది. అక్కడ ఆ పద్యానికి వన్స్ మోర్ పడితే వచ్చే సీజన్ అంతా అంకమరావు మొదటి రాజు. పడకపోతే రేపల్లె నుంచి ఇంకొకరిని తెస్తారు.

మూడు నెలలు ఆదివారం ఆదివారం రిహార్సల్‌కు అంకమరావు ఈ కారులోనే వెళ్లాడు. కూర్చోగానే ఫోన్ కలిపేవాడు. ఆ ముప్పై ఏడు సెకన్లు నాచేత ఎన్నిసార్లు పలికించాడో లెక్కలేదు. వెంట పాడేవాడు. ఇరవయ్యో సెకను దగ్గర అతని మెడ నరాలు ఉబ్బేవి. ఇరవై అయిదు దగ్గర ఆగిపోయేవాడు. నెల తర్వాత ఇరవై ఎనిమిదికి వచ్చాడు. బస్సులో టిక్కెట్లు కొట్టాక స్టేజీకి స్టేజీకి మధ్య ఊపిరి బిగబట్టి సాధన చేస్తున్నానని చెప్పాడు. డ్రైవరు చూసి, ఆసుపత్రికి పోనివ్వమంటావా అని అడిగాడట.

రెండో నెలలో ఒక ఆదివారం అతను అడిగాడు. “మాస్టారూ, దాచకుండా చెప్పండి. ఏసుదాసు బాబాయి ఇక్కడ గుక్క తిప్పుకునేవాడు కాదా?”

పానకాలరావు రోడ్డు వంకే చూశాడు. “తిప్పుకునేవాడైతే ఆయన పేరు ఇన్నేళ్లు ఎందుకు చెప్పుకుంటారయ్యా?”

సీడీ నాకు జానెడు దూరంలో, అరలో ఉంది. నా నోరు ఖాళీగా ఉంది. ఇరవై ఆరేళ్లు ఆ మూడు గుక్కలనూ తన వేళ్లతో కప్పిన మనిషికి అవి ఎక్కడున్నాయో నాకంటే బాగా తెలుసు. చెబితే ఏసుదాసు కీర్తిలో కొంత తగ్గుతుంది. ఆ కీర్తిలో తన వాటా కూడా ఉంది. అందుకని చెప్పలేదు. దీనికి గౌరవం, అభిమానం అని మనుషులు పేర్లు పెట్టుకుంటారు.

తిరునాళ్లలో మైకుకు పదింటి దాకానే అనుమతి ఉంది. అందుకని నాటకం సాయంత్రం ఆరున్నరకే మొదలుపెట్టారు. కారును స్టేజీ వెనుక ఆపారు. ఏడుంబావుకు పద్యం వచ్చింది. మొదటి మూడు పాదాలు అంకమరావు బాగా పాడాడు. ఈల కూడా పడింది. చివరి పాదం ఎత్తుకున్నాడు. తొమ్మిదో సెకను దగ్గర హార్మోనియం పై స్థాయికి వెళ్లింది. పీల్చమని అర్థం. అతను పీల్చలేదు. రెండోసారి వెళ్లింది. పీల్చలేదు. ఇరవై తొమ్మిదో సెకనులో గొంతు పగిలింది. ఆ వెంటనే దగ్గు వచ్చింది. మైకు ఆ దగ్గును తిరునాళ్లంతా వినిపించింది.

జనంలోంచి ఒకడు తాపీగా అన్నాడు. “రెండో రాజుని పంపండ్రా.”

జనం నవ్వారు. అంకమరావు కిరీటంతో అలాగే నిలబడ్డాడట. హార్మోనియం ఒక్కటే రాగాన్ని ముగించింది. తెర దించారు. కాంట్రాక్టరు కారుకు ఆనుకుని నిలబడి రేపల్లెకు ఫోన్ చేశాడు.

మర్నాడు ఉదయం పదింటికి అంకమరావు రాజు బట్టల పెట్టె తిరిగి ఇవ్వడానికి పానకాలరావు ఇంటికి వచ్చాడు. గొంతు బొంగురుపోయింది. పెట్టెను కారులో వెనుక సీటు మీద పెట్టి, ముందు సీట్లో కూర్చున్నాడు. అసలు సీడీ ఉందా అని అడిగాడు. గీతలు పడ్డాయి, పలకదని స్టీరింగ్ ముందు కూర్చున్న పానకాలరావు అన్నాడు. అంకమరావు అర తెరిచి, సీడీ తీసి చొక్కాకు తుడిచి నా నోట్లో పెట్టాడు.

నెలల తరబడి నేను సీడీ ముట్టలేదు. మోటారు మూలిగింది. కంటి మీద దుమ్ము ఉంది. మొదటి పాదంలో రెండుసార్లు తడబడ్డాను. చివరి పాదానికి నిలదొక్కుకున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

అంకమరావు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాడు. మూడోసారి విన్నాక ఆపాడు.

“మూడుసార్లు పీల్చాడు.”

అంకమరావు పానకాలరావు వైపు తిరిగాడు.

“ఈ మూడు చోట్లా మీరు పైకెళ్లారు. రాత్రి కూడా వెళ్లారు మాస్టారూ. నేను పద్యం మర్చిపోతానని అందిస్తున్నారనుకున్నా.”

“పోయినాయన్ని ఆయాసగాడంటారని...” అన్నాడు పానకాలరావు.

“ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నన్ను అన్నారు.”

అంకమరావు సీడీ బయటికి లాగి, కవరులో పెట్టుకుని, తనతో ఉంటుందని చెప్పి దిగిపోయాడు. ఆ సీడీ వినడానికి అంకమరావు ఇంట్లో ప్లేయర్ లేదని నాకు తెలుసు. అతని డిపోలో ఎవరింట్లోనూ ఉండకపోవచ్చు.

నెల తిరగకుండానే నన్ను కారులోంచి పీకేశారు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక దుకాణం. నా వైర్లు కత్తిరించి కింద పాత హారన్లు, స్పీకర్లు వేసిన గోనె సంచిలో పడేశారు. నా స్థానంలో పలకంత తెర బిగించారు. దానికి నోరు లేదు. ఫోన్ కలిపితే చాలు. బాగా పలుకుతుంది, కాదనను. బుసబుస లేదు. ఇంత శుభ్రంగా పలికితే ఆ మూడు అతుకులూ బయటపడతాయని అనుకున్నాను.

పరీక్షించడానికి ఏదైనా పెట్టమని మెకానిక్ అడిగాడు. పానకాలరావు ఫోన్ తీసి ఆ పద్యమే పెట్టాడు. ముప్పై ఏడు సెకన్లు. అతుకులు మూడూ సంచిలో ఉన్న నాకు వినిపించాయి.

మెకానిక్ స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. “ఎవరండీ పాడింది? ఎక్కడా గుక్క తిప్పుకోలేదు.”

“మా ఏసుదాసు,” అన్నాడు పానకాలరావు. తర్వాత సౌండు ఇంకొంచెం పెంచాడు.