దీపం ఆరితే దిగడు

సెలవు రోజున టైలర్ కొట్లో, గుడ్డలు కత్తిరించే బల్ల చుట్టూ చేరి ఒక ఆట ఆడతారు. ఒక్కొక్కరు ఒక్కో వేషం తీసుకుంటారు. టైలర్ కథ చెబుతూ బల్ల మీద సుద్దతో గుహలు గీస్తాడు. అపాయం వస్తే ఇరవై ముఖాల పాచిక వేస్తారు. ఆట పుస్తకంలో కత్తివీరుడు, మంత్రగత్తె, దొంగ ఉన్నారు. బావి తవ్వేవాడు లేడు. అతణ్ణి నా మేనకోడలు మూడు నెలలు కూర్చుని సొంతంగా తయారుచేసింది.

బావులు తవ్వడం నా పని. "నీ గురించే రాశా, రా మావయ్యా" అని వెంటబెట్టుకుపోయింది.

పేజీన్నర. పిల్ల అచ్చాఫీసులో పనిచేస్తుంది కాబట్టి పుస్తకంలో లాగే గళ్ళు, అంకెలు కుదిరాయి. మోకుకి వేసే ముడి బొమ్మ గీసింది. ముడి సరిగ్గా ఉంది. నేను ఎన్నడూ నేర్పలేదు.

టైలర్ కళ్ళజోడు పైకి తోసుకుని చదివాడు.

"ముచ్చటగా ఉంది తల్లీ. కానీ వీణ్ణి ఆటలోకి రానివ్వలేను."

"ఏం బాబాయ్?"

"వీడికి చావు లేదుగా! ముందుగా దించి చూసిన దీపం విషగాలికి ఆరితే, మూతికి తడిగుడ్డ కట్టుకుని దిగుతాడని రాశావు. నా గుహల నిండా విషగాలే. ఇక నేను కథ చెప్పడం దేనికి, బొత్తాలు కుట్టుకుంటా."

పక్కనున్న బస్సు కండక్టర్ నవ్వాడు. పిల్ల నవ్వలేదు. కాగితాల అంచులు సర్దుతూ కూర్చుంది. సర్దడానికి అక్కడేమీ లేదు.

"దిగడు," అన్నాను.

ముగ్గురూ నా వైపు తిరిగారు.

"దీపం ఆరితే దిగడు. తడిగుడ్డ దుమ్ముకే. అలా దిగిన ఇద్దర్ని నేనే పైకి తీశాను."

"మరేం చేస్తాడు మావయ్యా?"

"నీళ్ళు గుమ్మరిస్తాడు. మోకుకి కొమ్మలు కట్టి, లోపలి గాలి కదిలేలా పైకీ కిందికీ ఆడిస్తాడు. మళ్ళీ దీపం దించుతాడు. అది వెలుగుతూ ఉండేదాకా ఆగుతాడు."

టైలర్ ముందుకు వంగాడు. "వెనకనించి తోడేళ్ళు వస్తుంటే?"

"అయినా దిగడు."

పిల్ల తడిగుడ్డ వాక్యం కొట్టేసింది. పక్కనే ఇలా రాసింది: దీపం దించిన ప్రతిసారీ ఒక పాచిక, నీళ్ళు పోసే చేతులు ఎన్ని ఉంటే అన్ని అంకెలు అదనం. చేతుల మాట నేను చెప్పలేదు. చెప్పాల్సింది అదే.

"ఒక్క ఆట చూద్దాం. నిలబడితే ఉంటాడు," అన్నాడు టైలర్.

ఆ వేషం కండక్టర్ తీసుకున్నాడు. మొదటి గోతిలోనే దీపం ఆరింది. వెనక తోడేళ్ళు.

"జరగండి జరగండి అని ఇరవై ఏళ్ళుగా అరుస్తున్నా," అన్నాడతను. "ఆగండి అనడం ఇదే మొదలు. ఎవరూ దిగొద్దు!"

కత్తివీరుడి వేషంలో ఉన్న పిల్ల కత్తి పక్కన పెట్టి గోతిలో నీళ్ళు పోసింది. పాచిక పడింది, చాల్లేదు. తోడేళ్ళు దగ్గరికొచ్చాయి. మళ్ళీ వేశారు. చాల్లేదు. టైలర్ గొంతు తగ్గించాడు. మూడోసారి దీపం వెలుగుతూ ఉండిపోయింది; తోడేళ్ళకి అందకుండా అందరూ దిగిపోయారు.

కండక్టర్ బల్ల మీద ఒక్కటి చరిచాడు.

ఆట అయ్యాక పిల్ల కాగితాల కోసం చెయ్యి చాపింది. టైలర్ ఇవ్వలేదు. వాటిని ఆట పుస్తకంలో దొంగకీ మంత్రగత్తెకీ మధ్య పెట్టి, గుండుసూదులు గుచ్చుతున్నాడు.