ముందు సీటూ వెనక సీటూ

నేను ఒక రెండు సీట్ల సైకిల్ని. నన్ను చూసినవాళ్లు ముందు నవ్వుతారు, ఆ తర్వాతే దగ్గరికొస్తారు. రెండు సైకిళ్లు పెళ్లిచేసుకుని ఒకే ఒంట్లో కాపురం పెట్టినట్టుంటానట. అనుకోనివ్వండి. నా మీద ఎక్కే ఇద్దరి పెడళ్లూ గొలుసుతో ముడిపడి ఉంటాయి కాబట్టి ఒకరు తొక్కితే రెండోవారి కాళ్లూ తిరగాల్సిందే, ఒకరు ఆగితే రెండోవారూ ఆగాల్సిందే. ఇంతకంటే కాపురం ఏముంటుంది చెప్పండి?

ఫ్రాన్స్‌లో సెంటెత్యెన్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాను. కూలీలకూ గుమస్తాలకూ మొట్టమొదటిసారి జీతంతో సెలవులు దొరికిన వేసవి అది. ఊరంతా పిచ్చెక్కినట్టు సముద్రానికి బయల్దేరింది. రిబ్బన్ల మిల్లులో పనిచేసే లూసియెన్, అతని భార్య ఒదెత్ నన్ను కొనుక్కుని, డేరా ఒకటి నా వీపున కట్టి వాళ్లూ బయల్దేరారు. అన్నం కుండ లాంటి గిన్నె ఒకటి దారి పొడుగునా నా పక్కటెముకలకు తగిలి మోగుతూనే ఉంది. అప్పుడే తెలుసుకున్నాను, నా మీద కూర్చున్న ఇద్దరిదీ ఒకే ప్రయాణం కాదని. ముందున్నవాడికి కనిపించేది రోడ్డు. వెనకున్నామెకు కనిపించేది లోకం. గడ్డివాములూ, చెరువులో బాతులూ, ఎవరింటి తీగమీదో ఆరేసిన బట్టలూ, అన్నీ ఒదెత్ చూసి మొగుడి వీపుకు చెప్పేది. ఆ వీపు వింటూ తొక్కేది.

తర్వాత్తర్వాత రోడ్లమీదికి కార్లొచ్చాయి, లారీలొచ్చాయి. ఒకనాడు ఒక లారీ విసురుకు ఒదెత్ టోపీ ఎగిరిపోయింది. ఆమె దిగి వెళ్లి టోపీ తెచ్చుకుంది కానీ మళ్లీ నా మీద ఎక్కలేదు. నన్ను తీసుకెళ్లి, బర్గండీ వైపు పల్లెలో ఒదెత్ వాళ్ల కొట్టంలో దూలానికి వేలాడదీశారు. అటు ఉల్లిపాయల జడలు, ఇటు వెల్లుల్లి జడలు, మధ్యలో నేను.

కొట్టం వెనకే రైలుపట్టాలు ఉండేవి. రోజూ వినిపించే రైళ్లు తగ్గిపోయి తగ్గిపోయి, చివరికి ఆగిపోయాయి. పట్టాలు పీకేశారు. ఇక ఆ దారి ముళ్లపొదల పాలే అనుకున్నాను. మనుషులు అప్పుడప్పుడూ మన అంచనా తప్పిస్తారు. ఆ దారిని నున్నగా చదును చేసి, కారుకూ లారీకీ ప్రవేశం లేదని అడ్డుకమ్మీలు పాతి, సైకిళ్లకు వదిలేశారు. ఒదెత్ మనవరాలు మాయెల్ పాత స్టేషను గోడౌనులో సైకిళ్లు అద్దెకిచ్చే కొట్టు తెరిచి, నన్ను దూలం మీంచి దింపి, తుప్పు గీకి, ఆకుపచ్చ రంగు వేసింది.

ఆ దారిని మీరు చూడాలి. రైలుబండికి ఎత్తులంటే పడదు కదా, అందుకే దాని దారి ఏ కొండతోనూ గొడవ పెట్టుకోదు. ద్రాక్షతోటల పక్కనుంచి, గోధుమచేల మధ్యనుంచి, మర్యాదగా వంగి వంగి వెళ్తుంది. రెండువైపులా చెట్లు నీడ పరుస్తాయి. తెల్లటి బర్గండీ ఆవులు కంచె మీద గడ్డం ఆనించి, వచ్చేపోయే జనాన్ని పరీక్షిస్తాయి. వాన వెలిసిన పొద్దుట నత్తలు దారి దాటుతుంటే సైకిళ్లవాళ్లు పక్కకి తప్పుకుంటారు. ఎక్కడా హారన్ మోత లేదు. మేలైన సంగతేంటంటే, ఆ దారిమీద ముందు కూర్చున్నవాళ్లు కూడా తలతిప్పి బాతుల్ని చూడొచ్చు. పాపం లూసియెన్‌కు దక్కని భాగ్యం అది.

ఆ దారికే ఒక జూన్ నెలలో ఫణీంద్ర, లోహిత వచ్చారు. కొత్తగా పెళ్లయినవాళ్లు. ఆమె చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా వెలిసిపోలేదు. తెలుగు నాకెలా తెలుసంటారా? నన్ను పట్టుకున్న చేతుల్లోంచి వాళ్ల మాటలు నాకు అందుతాయి, ఏ భాషైనా సరే.

లోహితది కాకినాడ. తండ్రి సోమేశ్వర్రావుగారు బ్యాంకుకు కూడా సైకిల్ మీదే వెళ్లిన మనిషి, కూతురికి నడక తర్వాత నేర్పింది సైకిలే. పెళ్లిచూపుల్లో ఆమె అడిగింది ఒకే ప్రశ్నట: "సైకిల్ తొక్కడం వచ్చాండీ?" ఇక్కడికి దగ్గర్లో లియాన్ నగరంలో ఉద్యోగం చేసే ఫణీంద్ర, "బ్రహ్మాండంగా," అన్నాడట. అక్కడ కార్లు రాని దారులుంటాయనీ, ఇద్దరం వారాల తరబడి తిరుగుదామనీ కూడా అన్నాడట. సోమేశ్వర్రావుగారు ఆ మాటతోనే సంబంధం ఖాయం చేసేశారు.

సంగతేమిటంటే, ఫణీంద్ర జన్మలో సైకిలెక్కలేదు. అందుకే వరుసగా నిలబెట్టిన మంచి మంచి సైకిళ్లన్నీ వదిలి సరాసరి నా దగ్గరికొచ్చాడు. రెండు సీట్ల సైకిల్లో వెనక కూర్చునేవాడికి బాలెన్స్ రాకపోయినా నడిచిపోతుందని ఎక్కడో చదివాడు. ముందు భార్యను కూర్చోబెట్టి, వెనక తను ఏమీ ఎరగనట్టు తొక్కేస్తే అబద్ధం నిజమైపోతుందని అతని లెక్క. ఎంత చదువుకున్నవాడో అంత అందమైన ఆలోచన!

కానీ పెళ్లికూతురు మర్యాదస్తురాలు. "మీరే ముందు కూర్చోండి. నడిపించేవారు మీరు కదా," అంది సిగ్గుపడుతూ. అతను నువ్వు కూర్చో అన్నాడు, ఆమె అబ్బే మీరే అంది. రైళ్లలో కిటికీ సీటుకు కూడా ఇంత మర్యాద జరగదు. చివరికి మాయెల్ కూడా సైగ చేసేసరికి అతను ముందు ఎక్కాడు. అతని అరచేతులు నా హ్యాండిల్‌ను పట్టుకున్న క్షణంలోనే నాకు తెలిసిపోయింది. హ్యాండిల్ పట్టుకున్నట్టు లేదు, బావి గిలక పట్టుకుని వేలాడుతున్నట్టుంది. నా చక్రాలు రెండు చుట్లు తిరిగాయో లేదో, ముగ్గురం వెళ్లి మాయెల్ జెరేనియం పూలకుండీల మీద పడ్డాం.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు, కుండీలకు తప్ప. లోహిత నవ్వుతూ లేచింది. అతని ముఖం చూసి నవ్వు ఆపింది.

"రాదా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె ముందు సీటెక్కింది. అతను వెనక కూర్చున్నాడు. ఆమె కాళ్లలో కోపం నా పెడళ్లకు తెలుస్తూనే ఉంది. పాత స్టేషను ఒకటి వచ్చింది, గులాబీలు పాకిన గోడతో. మామూలుగా అయితే ఆగి ఫొటో తీసుకునే పిల్ల, ఆగలేదు. చాలా దూరం పోయాక, వెనక్కి తిరగకుండానే అడిగింది:

"మీరు చెప్పినవాటిలో ఇలాంటివి ఇంకెన్నున్నాయండీ?"

ఇంకేవీ లేవన్నాడతను. అతను లేవన్నంత మాత్రాన ఎలా నమ్మనంది. నిజమే కదా. దేశం కాని దేశంలో ఆమెకున్న ఆధారమల్లా అతని మాట ఒక్కటే. అదీ జెరేనియం కుండీలతోపాటే పగిలింది.

అక్కడే మా దారికి అడ్డంగా కార్ల రోడ్డు వచ్చింది. అలాంటివి అక్కడక్కడా తప్పవు. అడ్డుకమ్మీల దగ్గర ఆగి, అటూ ఇటూ చూసుకుని దాటాలి. లోహిత ఆగింది. సరిగ్గా అప్పుడే పాల ట్యాంకరు ఒకటి మా ముందునుంచి ఊపుగా పోయింది. వెనక హ్యాండిల్ మీద అతని వేళ్లు ఇనుమంత బిగుసుకున్నాయి. నన్ను ఎంతోమంది పట్టుకున్నారు కానీ అంత భయంగా ఎవరూ పట్టుకోలేదు. ఆ బిగువుకు నా ఒళ్లంతా వణికింది. ఆ వణుకు ముందు హ్యాండిల్ దాకా వెళ్లి ఆమె చేతులకూ తెలిసింది. ఆమె దిగి వెనక్కి చూసింది. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

గడ్డిలో కూర్చున్నాక చెప్పాడు. అతని అన్నయ్య యాక్సిడెంట్‌లో పోయాడని పెళ్లికి ముందే ఆమెకు తెలుసు. ఆ అన్నయ్య వెళ్తున్నది సైకిల్ మీదని, తుని దగ్గర హైవే దాటుతుండగా లారీ కొట్టిందని తెలియదు. ఆ తర్వాత వాళ్లమ్మ ఇంటి ఛాయలకు సైకిల్ రానివ్వలేదట.

"ఆ రోజే ఈ మాట చెప్పొచ్చుగా," అంది లోహిత.

"చెప్దామనే నోరు తెరిచాను. నువ్వు ఆ ప్రశ్న ఎంత ఆశగా అడిగావో నీకు తెలీదు. రాదంటే లేచి లోపలికి వెళ్లిపోతావనిపించింది."

"వెళ్లిపోయేదాన్నే," అంది ఆమె. అతని వైపు తిరిగి, "మళ్లీ వచ్చేదాన్నిలెండి, కాఫీ కప్పులు తీయడానికి," అంది.

అప్పుడే ఫోను మోగింది. కాకినాడ నుంచి వీడియోలో సోమేశ్వర్రావుగారు. ఇద్దరినీ, నన్నూ చూసి మురిసిపోయారు. అల్లుడుగారు బాగా తొక్కుతున్నారా అని అడిగారు. లోహిత ఒక్క క్షణం తటపటాయించి, ఆ నాన్నా, చాలా బాగా, అనేసింది. మొగుడి పరువు కాపాడటానికి ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే అనుకుంటాను. ఫణీంద్ర ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"రాదు మావయ్యగారూ. ఆ రోజు మీకు అబద్ధం చెప్పాను. మీ అమ్మాయే ముందు కూర్చుని నడుపుతోంది, నేను వెనక కూర్చున్నాను."

అవతల సీలింగ్ ఫ్యాను తిరగడం వినిపించింది. లోహిత గడ్డి పరకలు తుంచుతోంది.

"బ్రేకులెవరి చేతిలో ఉన్నాయి బాబూ?" అన్నారు చివరికి.

"మీ అమ్మాయి చేతిలోనండి."

"అయితే క్షేమంగా ఇల్లు చేరతారు," అన్నారాయన. వెనకనుంచి అత్తగారు, ఈ ఇంట్లో మాత్రం నా చేతికి ఏనాడైనా ఇచ్చారా అని దెప్పడం, ఆయన ఫోను పెట్టేయడం ఒకేసారి జరిగాయి.

ఇద్దరూ లేచి బట్టలకంటిన గడ్డి దులుపుకున్నారు. ఆమె ముందు ఎక్కి రెండు కాళ్లూ నేలకానించి నన్ను నిలబెట్టింది. అతను వెనక ఎక్కాడు. రోడ్డు మా ముందే ఉంది. ఎండలో మెరుస్తోంది. ఆమె ఎడమవైపు చూసింది, ఖాళీగా ఉంది. చిన్నప్పటినుంచీ రెండువైపులా తనే చూసుకుని దాటే పిల్ల, ఈసారి కుడివైపు తల తిప్పలేదు.

"అటు మీరు చూసి చెప్పండి," అంది.

అతను చూశాడు. ఎంతసేపు చూశాడంటే, ద్రాక్షతోటలో పనిచేస్తున్న ముసలాయన కూడా నిటారుగా లేచి ఆ వైపే చూడటం మొదలుపెట్టాడు. అక్కడ ఏమీ లేదు. చాలా దూరాన ఎర్రటి ట్రాక్టరొకటి ఏదో పొలంలోకి మళ్లింది. అది పూర్తిగా మళ్లేదాకా అతను ఆగాడు. వెనక హ్యాండిల్ మీద వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి.

"ఏమీ రావట్లేదు. పద," అన్నాడు.

నా హ్యాండిల్ అటూ ఇటూ ఊగలేదు. ఆమె కుడివైపు చూడకుండానే పెడల్ తొక్కింది, నేను రోడ్డు దాటాను.