ఒంటి గంట

అయినా పది రోజులు ఇంట్లో ఉన్న మనిషికి అంత మిడిసిపాటు ఎందుకో, చూడు ఎలా కూర్చుందో, బెంచీ తనకే రాసిచ్చినట్టు కాలు మీద కాలు వేసుకుని, గువ్వ నాకే చెప్పింది అని ఇప్పటికి ఎంతమంది దగ్గర అంది, వాళ్ళ బావతో అంది, పక్కింటావిడతో అంది, ఇందాక స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్‌తో కూడా మొదలుపెట్టబోతే తను రెక్క పట్టుకుని లాక్కొచ్చింది కాబట్టి సరిపోయింది, అనుకుంటోంది ఆమె, అద్దం తలుపు మీద నుంచి చూపు తీయకుండానే, చెల్లెలంటే ప్రాణమే, కాదనడం లేదు, కానీ ఏడేళ్ళు ఆ పిల్లకు ఆకలీ తనే దాహమూ తనే అయి తిరిగితే, తీరా ఒంటి సంగతి నోరు తెరిచి చెప్పిన మొదటి మాట వెళ్ళి దీని చెవిన పడుతుందా, కుండీలో మొక్కకు నీళ్ళు పోయడం కూడా గుర్తుండదు దీనికి, ఎండిపోయాక అయ్యో అంటుంది, దీనికా చెప్పేది.

అద్దం అవతల పదకొండుమంది పిల్లలు, పన్నెండోది తన కూతురు గువ్వ, చివరి బల్ల దగ్గర రంగు పెన్సిళ్ళను పొడవు ప్రకారం పేరుస్తోంది, గంటసేపు కూర్చోబెట్టి చూస్తామమ్మా, మీరు లోపలికి రాకూడదు, సైగలు చేయకూడదు, బాత్రూమ్ అవసరం తనంతట తను తెలుసుకోగలిగితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం, అని పెద్ద టీచరు మర్యాదగానే చెప్పింది, అంతకుముందు రెండు స్కూళ్ళు కూడా మర్యాదగానే పంపించేశాయి, ఇక్కడా గౌను తడిస్తే మళ్ళీ ఇల్లే, మళ్ళీ తన కుట్టుమిషను పక్కన చాపే, పిల్లకు ఆటిజం అని మూడో ఏట చెప్పిన డాక్టరు ఆ రోజే అన్నాడు, కొందరు పిల్లలకు ఒంటి లోపలి కబురు సరిగా అందదమ్మా, ఆకలి, నొప్పి, చలి ఒక్కోసారి అసలు రావు, ఒక్కోసారి అన్నీ కలగాపులగంగా మీద పడతాయి, ఏది ఏదో దానికి తేలదు అని, సరే, దానికి అందకపోతే నాకందుతాయి అనుకుంది తను, అందుకుంది కూడా, మునివేళ్ళ మీద నడిచిందంటే ఒంటికి వస్తోందని, కాలరు నమిలిందంటే ఆకలి, చెవితమ్మె ఎర్రబడిందంటే సాయంత్రానికి జ్వరం, టేపు పెట్టకుండా మనిషి నడుము కొలత చెప్పగల కళ్ళు తనవి, ఒక్క గువ్వను చదవలేవా, ఒక్కసారి మాత్రం తప్పాయి, చెవిలో చీము పట్టి దిండు తడిసేదాకా పిల్ల నవ్వుతూ తిరిగింది, డాక్టరు పెట్టిన చీవాట్లు ఇప్పటికీ చెవుల్లోనే ఉన్నాయి, ఆ తర్వాత తను కంటి మీద రెప్ప వేస్తే ఒట్టు.

అలాంటిది, స్కూళ్ళు తెరిచే రోజులొచ్చి యూనిఫాంలు గుట్టపడ్డాయని, పది రోజులు పిల్లను చూసుకోవే అని చెల్లెల్ని పిలిచింది, బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరిస్తుంది చెల్లెలు, సెలవు పెట్టి వచ్చింది, వచ్చి ఏం చేసింది, ఎనిమిదింటిదాకా పడుకుంది, గంటగంటకూ ఒంటికి వస్తోందా అని అడగవే అని తను గోడకు చీటీ అంటిస్తే దాని వంకైనా చూడలేదు, మూడో రోజు పొద్దున పదింటికి ఫోను చూసుకుంటూ ఉంటే గువ్వ వచ్చి పిన్నీ, ఒంటి గంట, అందట, ఈ మహాతల్లికి గడియారం వైపు చూడ్డానికి కూడా బద్ధకం, అవునా, అయితే పద, అందట, ఎక్కడికో తెలియకుండానే, గువ్వ ముందు నడిచి బాత్రూమ్ తలుపు తీసిందట, మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే, గౌను ఒక్కసారి తడిస్తే ఒట్టక్కా అని చెల్లెలు నవ్వుతూ చెప్తుంటే తనకు కడుపులో భగ్గుమంది, ఆనందం కాదు, అబద్ధమెందుకు, కుళ్ళు, పచ్చి కుళ్ళు, నాకు ఒళ్ళు మండిపోతోంది అని పైకే అనేసింది, గువ్వ వచ్చి తన మోచేతి మీద అరచెయ్యి ఆనించి చూసి, చల్లగానే ఉందే అన్నట్టు వెళ్ళిపోయింది, ఎవరికి చెబితేనేం, చెప్పింది కదా, అన్నాడు మొగుడు, ఎవరికి చెబితేనేమట, తేలిగ్గా అనేశాడు, ఆయనకేం.

ఇంకా పెద్ద మంట ఆ మర్నాడు, కాలరు కుడుతుంటే చెయ్యి ఆగిపోయింది, ఒంటి గంట అన్న మాట తనకు కొత్తదా, రెండేళ్ళుగా వింటోంది, అమ్మా ఒంటి గంట, పొద్దున తొమ్మిదింటికి, సాయంత్రం అయిదింటికి, ఎప్పుడు పడితే అప్పుడు, కాదమ్మా, ఇంకా తొమ్మిదే అయింది, చిన్నముల్లు ఎక్కడుందో చూడు, అంటూ తను దిద్దేది, పిల్లకు టైము మీద ఎంత ఆసక్తో అని మురిసిపోయి పెద్ద అంకెల గడియారం కొని తెచ్చి తగిలించింది, పావుగంట తర్వాత తడిసిన గౌను మారుస్తూ కూడా అంకెలే చెప్పింది, అసలు ఆ మాట నేర్పిందెవరు, తనే, ఒక మధ్యాహ్నం గ్లాసు మీద చెంచాతో కొట్టి, ఒంటికి వచ్చేటప్పుడు లోపల ఇలా గంట కొడుతుందమ్మా, అప్పుడు చెప్పాలి, అని ఒక్కసారి చెప్పి మర్చిపోయింది, గువ్వ మర్చిపోలేదు, రెండేళ్ళు గంట కొట్టినప్పుడల్లా వచ్చి చెప్పింది, తను టైము సరిచేసి పంపింది, ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు, చెల్లెలికి చచ్చినా చెప్పదు.

అది సరే, ఇందాక పెద్ద టీచరు పిల్ల ప్రత్యేకంగా వాడే మాటలేమైనా ఉన్నాయా అని కలం పట్టుకుని అడిగితే, చెల్లెలు మోచేత్తో పొడుస్తూనే ఉన్నా, ఏమీ లేవండీ, మామూలు మాటలే, అందే తను, ఎందుకంది, చెబితే అది ఎలా తెలిసిందో కూడా చెప్పాలి, పిన్ని కనిపెట్టింది అని ఆవిడ రాసుకుంటుంది, ఆ ఒక్క ముక్క పడనివ్వలేక నోరు మూసుకుంది, ఇప్పుడు చూడు, గువ్వ పెన్సిళ్ళు వదిలేసి లేచింది, మడమలు పైకి లేచాయి, మునివేళ్ళు, దేవుడా, తనకు ఇక్కడ అరికాళ్ళు జివ్వుమంటున్నాయి, చెప్పక్కా, ఇప్పుడైనా వెళ్ళి ఆ మాట చెప్పు, అని చెల్లెలు కాలు దించి చెవిలో గొణుగుతోంది, దాని మొహంలో మిడిసిపాటు లేదు, భయం, లోపలికి వెళ్తే సైగ చేసినట్టే, వెళ్ళకపోతే గౌను తడుస్తుంది, ఎంత పని చేశావే నువ్వు, కన్నతల్లివేనా, పైకిటికీలోంచి గువ్వ గొంతు స్పష్టంగా వచ్చింది, టీచర్, ఒంటి గంట.

క్లాసు టీచరు నవ్వి గోడగడియారం వైపు వేలు చూపించింది, కాదమ్మా, ఇంకా పదకొండే అయింది, చిన్నముల్లు చూడు, అదే మాట, అదే ముద్దు గొంతు, తన గొంతే బయటినుంచి విన్నట్టు ఆమెకు ఒళ్ళంతా చెమట పట్టింది, గువ్వ గడియారం చూసింది, నేర్పిన ప్రకారం చిన్నముల్లు వెతికింది, ఇక కూర్చుంటుంది, ఇంట్లో అయితే కూర్చునేదే, కానీ కూర్చోలేదు, చెయ్యి బొడ్డు కింద ఆనించుకుని, తల కొంచెం పక్కకు వంచి, ఏదో వింటున్నట్టు నిలబడి, తలుపు వైపు నడిచింది, తలుపు తీసింది, ఆమె అప్పటికే ముందుకు వంగి మొహం సిద్ధం చేసుకుంది, చూస్తుంది, అమ్మా అంటుంది అనుకుంటే, గౌను అంచు తన మోకాలికి తగిలి వెళ్ళిపోయింది, ఒక్క చూపు లేదు, పిన్నిని కూడా చూడలేదు, చెల్లెలి మొహం చిన్నబోవడం చూసి బాగా అయిందే నీకు అనిపించింది ఒక్క క్షణం, తర్వాత ఇద్దరిదీ ఒకే మొహమని తెలిసింది, వరండా చివర, రాగానే పెద్ద టీచరు చూపించిన బాత్రూమ్ తలుపు మూసుకుంది.

ఏమ్మా, ఎక్కడికి వెళ్ళింది పాప, అంటూ క్లాసు టీచరు గాభరాగా బయటికొచ్చింది, వెళ్ళనివ్వండి, దానికి తెలిసింది, ఒంటికి వచ్చినప్పుడు అది ఒంటి గంట అంటుంది, మా చెల్లెలు కనిపెట్టింది, నేనే మీకు చెప్పకుండా దాచాను, అంది ఆమె, చెల్లెలు తన చెయ్యి పట్టుకుంది, తను విదిలించుకోలేదు, లేచి వెళ్ళి బొత్తాము విప్పడానికి సాయపడాలని కాళ్ళు లాగుతున్నాయి, ఆ గౌను తను కుట్టిందే, ఆ బొత్తాము కొంచెం గట్టిది, అయినా లేవలేదు, ఈ పది రోజులూ తనను కాల్చింది చెల్లెలు కాదు, ఆ పిల్ల ఒళ్ళే, ఏడేళ్ళు తనకే ముందు కబురు పెట్టిన ఆ చిన్న ఒళ్ళు ఇప్పుడు తనను దాటి సొంతదారుతో మాట్లాడడం మొదలుపెట్టింది, వాళ్ళిద్దరి మాటల్లో మూడో మనిషికి పని లేదు, అమ్మకైనా సరే.